సింహాన్ని చంపే పట్టు

సింహాన్ని చంపడమట ఈ పట్టు పేరు.
నా సింహానికి అరవై రెండేళ్లు.
కట్టుడు పళ్లు తీసి గ్లాసులో పెట్టి
నాకు వీపు చూపించి కూర్చుంది, జులైజి.

బెలెంలో మూడింటి వాన.
రేకుల మీది మోతలో
జురాందిర్ మాస్టారి మాట సగమే వినిపిస్తోంది:
"గొంతు మీద కాదు... మెడకి రెండు పక్కలా..."

మోచేతి మడత గడ్డం కిందికి.
అరచెయ్యి నా రెండో చేతి కండ మీదికి.
ఆ రెండో చెయ్యి, దొంగలా, తల వెనక్కి.

ఇరవై ఏళ్లు చేపలు కోసిన చేతులు,
బిగించడమొకటే తెలుసు వీటికి.
"ఒలిందా! చేతుల్ని మర్చిపో. ఊపిరి పీల్చు,
ఛాతీ పొంగితే చాలు."

పీల్చాను.
రబ్బరు చాపల వాసన, ఎవరిదో తడి చొక్కా.
నా మోచేతి మడతలో ఆవిడ నాడి
బుట్ట అడుగున మిగిలిన చేపలా
ఒక్కసారి ఎగిరింది.

ముంజేతి మీద రెండు తట్లు,
తలుపు అవతల బిడ్డ నిద్రపోతున్నట్టు, మెల్లగా.
అదేమిటో నాకు వెలగలేదు.
"వదులు!" మాస్టారి కేక
వాననంతా దాటుకుని వచ్చింది.

జులైజి దగ్గింది. బోసినోటితో నవ్వింది.
"ఇప్పుడు నా వంతు."

జుట్టు పైకి ముడేసుకుని
మెడ ఇచ్చాను.
పొలుసుల కంపు కొడతానేమోనన్నదే
భయం.