పడవ వెనక చాలు

ఇసకపల్లి నుంచి తొలి బస్సెక్కి
తొమ్మిదికల్లా నెల్లూరొచ్చేస్తాడు పామంజి కోదండం,
కమిలిన గొంతు చుట్టూ మెత్తటి తుండు వదులుగా చుట్టుకుని.

ముఖానికి బిగించే ప్లాస్టిక్ జాలీ చూసి మొదటిరోజే
"నలభై ఏళ్ళు నేనేసిన వల
ఈ పొద్దు నామీదికే వచ్చిందే పాపా" అన్నాడు.
అప్పటికింకా మాట ఉంది.

నా పని మీట నొక్కడం.
రెండు మీటర్ల గోడకు ఇవతల కూర్చుని
మనిషి కదలకుండా ఉన్నాడో లేదో తెరమీద చూడడం.
అవతల, అతని తలచుట్టూ తిరిగే తెల్లటి చేతిలో
మూరెడు రాగి గొట్టం.
ఎలక్ట్రాన్లు అందులో తోపులు తింటూ పోయి
టంగ్‌స్టన్ బిళ్ళను గుద్దుకుంటాయి.
ఆ దెబ్బకు పుట్టిన కనపడని వెలుగు
గొంతులో గడ్డను వెతుక్కుంటుంది.

ఇరవైనాలుగో రోజు కరెంటు పోయింది.
మిషన్ మళ్ళీ సిద్ధమయ్యేదాకా
వరండాలో స్టీలు బల్లమీద ఇద్దరం.
నా చేతిలో మస్తానయ్య సారు ఇచ్చిన జిరాక్సు కాగితాలు.
ఏందది? అని గడ్డం ఎగరేశాడు.

చెప్పాను, నాకర్థమైనంత.
రాగిని మరీ గట్టిగా తోస్తే రాగి చిట్లుతుంది.
అందుకని ముందే చిట్లిపోయినదాన్ని తీసుకుంటారట,
అణువులన్నీ విడిపోయిన వాయువును.
విరిగినదానికి ఇంక విరిగే భయమేముంది?
దాంట్లోకి పిడికెడు కాంతిని విసురుతారు.
తేలికవి పక్కలకు చెదిరిపోతాయి,
బరువైనవి కదలవు.
చెదిరినవి వెనక్కొస్తాయి, ఆగలేక దాటిపోతాయి,
మళ్ళీ వస్తాయి.
కాంతి వెనకాల వెంట్రుక మందాన అలలు.
ఆ అల వాలుమీద ఇంకో గుంపును ఎక్కిస్తే
మూరెడు రాగి చేసే పని
ఆవగింజంత దూరంలో అయిపోతుందట.
మన నెల్లూరికి ఎన్నేళ్ళకొస్తుందో మరి.

కోదండం శబ్దం లేకుండా నవ్వాడు.
సీసా మూతలో నీళ్ళు పోసుకుని, వేలు ముంచి,
బల్లమీద గీశాడు: ముందు మరబోటు,
దాని వెనక విచ్చుకుపోయే చాలు,
చాల్లో ఒక చుక్క. తెప్ప.
గాలిలో రెండు తెడ్లు వేసి చూపించాడు.
తర్వాత ఆ లేని తెడ్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

చుక్క పక్కన వేలుపెట్టి తల అడ్డంగా ఊపాడు.
ఇంకాస్త ఇవతల, అరచెయ్యి బోర్లా. మునక.
ఇదో, ఇక్కడ. ఈ వాలుమీద, ఇంతే చోటు.
ఆ పైన వేలిని ముందుకు జరిపి
ఠక్కున ఆపాడు, వెనక్కి లాగాడు.
పదకొండో పేజీలో ఉన్నదీ అదే:
అలను మించి పరిగెత్తినదాన్ని
ఆ అలే వెనక్కి లాగుతుంది.
ఆ పేజీ నేనింకా అతనికి చెప్పలేదు.

చివర్న మరబోటు మీద వేలు పెట్టి
చాలాసేపు తియ్యలేదు.
బుగ్గలు లోపలికి పీల్చి, భుజాలు వాల్చి చూపించాడు.
లాగేవాడికి ఆయిలు అయిపోతుందనా?
సరంగు తిడతాడనా?
నేను అడగలేదు. వరండాలో ఎండ పడి
ముందు బోటు ఆరిపోయింది, తర్వాత చాలు.
చుక్క కాసేపు ఉంది.

కరెంటొచ్చింది.
జాలీ బిగించి, తలుపు మూసి వచ్చి మీట నొక్కాను.
తెరమీద, నీలం దుప్పటి మీద, కుడిచేతి చూపుడువేలు
ఒక వాలును మెల్లగా ఎక్కుతోంది.
కదలకూడదని చెప్పాలి నేను.
మైకు మీటమీద వేలు పెట్టి
ఊరుకున్నాను.