కోడిని పిలిచినట్టు

కోతా భారు ఆసుపత్రి
అన్నీ బాగానే ఉన్నాయని కాగితం రాసిచ్చింది.
బాగానే ఉన్న మెక్ ఎంబోంగ్
నలభై రోజులుగా గోడవైపు తిరిగి పడుకుంది.

మాకు కబురొచ్చింది.
మూడు తీగల రెబాబ్, రెండు వేళ్ళు వంగని నేను,
పూనకం వచ్చే జుసోహ్,
అతని అల్లుడి మోటారుసైకిలు మీద
సంచిలో పేలాలు, పసుపన్నం, ఒక గుడ్డు.
మసీదు పెద్ద మమ్మల్ని చూసి దారి మార్చుకున్నాడు.
వాళ్ళమ్మకూ మేమే ఆడామని
నేనెవరికీ చెప్పను.

సాంబ్రాణి రాజుకుంది.
"గాలి సోకిందా?" కోడలు అడిగింది.
సోకింది కాదమ్మా, ఆగింది.
పుట్టేటప్పుడే ప్రతి మనిషీ ఒక గాలిని తెచ్చుకుంటాడు.
దారి దొరికితే అది ఆటవుతుంది.
దొరక్కపోతే
పక్కటెముకల మధ్య సుడి తిరుగుతుంది.

జుసోహ్ తల గిరగిరా తిరిగింది.
"ఎవరు నువ్వు?"
"ఏటి ఒడ్డువాణ్ణి."
"ఏం కావాలి?"
"గుడ్డు."
"ఇంకా?"
"చుట్ట."
సంతలో చేపల బేరమే, కాకపోతే
అమ్మేవాడు కనిపించడు.

పులి రాగం వాయించాను.
మనవడు జడుసుకున్నాడు, ఆమె కదల్లేదు.
రాకుమార్తె రాగం. ఊహూఁ.
రాజు రాగాన్ని చివరికి దాచుకున్నాను.
ఎందుకో జుసోహ్‌కి తెలీదు.
పద్దెనిమిదేళ్ళప్పుడు మాక్ యోంగ్ మేళంలో
ఆమే మా రాజు.
తర్వాత పెళ్ళి, నిప్పా ఆకుల కప్పులు కుట్టడం,
ఏడుగురు పిల్లలు.

మొదట చిటికెనవేలు వెనక్కి వంగింది.
తర్వాత మణికట్టు. తర్వాత
ఇంట్లోవాళ్ళెవరూ ఎరగని గొంతు:
"నా బెత్తం ఏదిరా?"
మనవడు ప్లాస్టిక్ స్కేలు అందించాడు.
దాంతో నా నెత్తిమీద ఒక్కటిచ్చి
"శ్రుతి తప్పావు" అంది.
తప్పాను. యాభై ఏళ్ళుగా.

తెల్లవారుజామున ఆమె ప్రాణాన్ని ఇంటికి పిలిచాం.
గుమ్మంలో పేలాలు చల్లి
కుర్ర్... కుర్ర్... సెమాంగాత్...
కోడిని గూటికి పిలిచే పిలుపే అది.
అంత బెదురుగొడ్డు మనిషి ప్రాణం.
తరమకూడదు, ఒడిసిపట్టకూడదు.
గింజలు చల్లి
ఇంకెటో చూస్తూ నిలబడాలి.

నిజం కోళ్ళు కూడా వచ్చాయి, నాలుగు,
ఒకటి కుంటిది.
కోడలు చీపురు తీయబోతే
మెక్ ఎంబోంగ్ చెయ్యెత్తి ఆపింది,
కొలువులో
రాజు ఆపినట్టు.