తర్జుమా ఖర్చు

కేసు కట్ట మీద మొదటి వరస ఎప్పుడూ ఒకటే:
చక్రవర్తి, వాది.
గుంటూరు జిల్లా కోర్టులో పద్దెనిమిదేళ్ళు
ఆ మాట నా చేత్తోనే రాశాను.
చక్రవర్తి మాత్రం ఒక్క వాయిదాకీ రాలేదు.

ఆయన బదులు మా పంతులుగారు వచ్చేవారు,
ఓగిరాల పురుషోత్తం పంతులు, సర్కారు వకీలు,
అరండల్‌పేట నుంచి జట్కాలో,
ఒళ్ళో నల్లగౌను మడత, బుగ్గన లవంగం.
మిరపకోరుకి జట్కావాడు తుమ్మితే
"చిరంజీవ" అనేవారు.
కోర్టు మెట్టెక్కాక ఆ నోట ఇక తెలుగు ఉండేది కాదు.

ఊళ్ళో వెనకాల ఆయన్నే చక్రవర్తి అనేవాళ్ళు.
"చక్రవర్తిగారికి బెండకాయలు లేతవి కావాలట"
అని కూరలవాడు మా నౌకరు ముందే నవ్వేవాడు.
ఆయనకు తెలుసు. తెలిసీ
బెండకాయలు అక్కడే కొనిపించేవారు.

దొర ఇంగ్లీషులో అడుగుతాడు.
పంతులుగారు ఇంగ్లీషులో చెబుతారు.
మధ్యన దుబాసీ నిలబడి
తెలుగువాళ్ళ మాట తెలుగువాళ్ళకే
అటు తిప్పి ఇటు తిప్పి అందిస్తాడు,
పక్కింటికి చెంబెడు మజ్జిగ ఇవ్వడానికి
ఊరంతా చుట్టొచ్చినట్టు.

ఆ రోజు దుబాసీకి చలిజ్వరం.
బోనులో బత్తుల యల్లమందమ్మ,
పల్నాటి అడివంచు మనిషి, అరవై దాటింది.
పుల్లరి కట్టలేదని గార్డు
మేకల్ని బందెలదొడ్డికి తోలబోతే
చేతికర్రతో వాడి ముంజేయి విరగ్గొట్టిందని కేసు.
ఫిర్యాదులో పది మేకలు,
దొడ్డి రిజిస్టర్లో పదకొండు.
ఒకటి దొడ్డిలోనే ఈనింది.
"పుట్టిన పిల్ల ఎవరిదండీ, చక్రవర్తిదా?"
అన్నాను కట్ట విప్పుతూ.
పంతులుగారు నవ్వారు. ఆ ఏడాదికి అదే నవ్వు.

దొరకు తెలుగు, పరీక్ష ప్యాసైనంత మటుకే వచ్చు.
"ముద్దాయిని మీరే అడగండి, మిస్టర్ పురుషోత్తం" అన్నాడు.

లేచారు.
గౌను సర్దుకున్నారు.
నోరు తెరిచి, ఆగిపోయారు.

ఇంగ్లీషులో ఒక్క మాటే ఉంది,
దొరకీ దొంగకీ అదే సరిపోతుంది.
తెలుగులో ఎంచుకోవాలి:
నువ్వా, మీరా, ఏమే అనాలా, ఏమమ్మా అనాలా.
వందలమందిని రాజమండ్రి జైలుకు పంపిన నోరు
ఆ చిన్న మాట దగ్గర తడుముకుంది.
పంకా తాడు లాగే కుర్రాడు కూడా
లాగడం మరిచి చూస్తున్నాడు.

"అవ్వా," అన్నారు చివరికి,
"గార్డును కొట్టావా?"

ఆవిడ చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని
ఎండలో ఎవరినో ఆనవాలు పట్టినట్టు చూసింది.
"అడిగేది దొరా, నువ్వా నాయనా?"

దొర కలం ఎత్తి పట్టుకున్నాడు. "ఏమంటోంది?"

బయట మిర్చి బళ్ళు పోతున్నాయి.
మూడో బండి ఇరుసు కిర్రుమన్నదాకా
ఎవరూ మాట్లాడలేదు.

"ప్రశ్న అర్థం కాలేదంటోంది, యువరానర్."

రికార్డులో అదే ఎక్కింది.

ఆయన్ని గొప్ప చెయ్యకండి.
మధ్యాన్నం మళ్ళీ ఇంగ్లీషులోనే వాదించారు, బాగా వాదించారు,
డాక్టరు కాగితాన్ని వరస వరసా వేలు పెట్టి చూపించారు.
ఎనిమిది నెలలు పడింది.
మర్నాడు ఇంకో దోపిడీ కేసు, అదీ గెలిచారు.
ఉద్యోగం వదల్లేదు, ఖద్దరు కట్టలేదు.

నెలాఖరున కలెక్టరాఫీసుకు బిల్లు రాశాను.
హాజరు ఒక రోజుకి, పదిహేను రూపాయలు.
తర్జుమా ఖర్చు, ఒక రూపాయి.
సంతకానికి పెడితే
ఎర్రసిరా బుడ్డి అడిగి, ఆ రూపాయిని కొట్టేశారు.
న్యాయంగా రావలసిందే కదండీ అన్నాను.
"పని సరిగ్గా చెయ్యలేదోయ్, గురవయ్యా" అన్నారు,
సిరా ఆరేదాకా ఊదుతూ.

పది మేకల్ని దొడ్డి దగ్గరే వేలం వేశారు.
పదకొండోది ఏమైందో
నా దగ్గరున్న ఏ కాగితంలోనూ లేదు.