పద్దెనిమిది గ్రాములు

వినయేందర్ సార్ మియాపూర్‌లో
రెండో వంటగది తెరుస్తున్నాడు.
"గక్కడ గూడ ఇదే రుచి రావాలె, పట్టిక రాయి" అన్నాడు.
లెక్కలు రాసేదాన్ని కదా, గీతలు గీశాను.
ఎడమ గడిలో గ్రాములు, కుడి గడిలో కప్పులు,
మధ్యలో బరాబర్ గుర్తు.
బియ్యం, ఉప్పు, పసుపు, నూనె
చెప్పిన మాట విన్నాయి.
ఆకు దగ్గర ఆగిపోయాను.

పుదీనా కప్పులో కుదురుగా కూర్చోదు.
ఊరికే వదిలేస్తే మూడు కప్పులు,
వేళ్లతో అదిమితే ఒకటి,
తరిగితే అర.
కత్తి మొద్దుదైతే అరకు కూడా రాదు,
మిగతాది చెక్కపలకకు పచ్చగా అంటుకుపోతుంది.
కాటా మాత్రం మొండిగా, ఎర్ర అంకెల్లో,
ఎట్లా పెట్టినా ఇరవై రెండే అంటుంది.

పోనీ దాన్నే నమ్ముదామంటే,
తెల్లవారి నాలుగున్నరకు గుడిమల్కాపూర్‌లో
కట్టల మీద బోరునీళ్లు చల్లుతారు.
మల్లేపల్లి చేరేలోగా
ఆ నీళ్లు ఆటో వెనకసీటు తాగేస్తుంది.
అదే కట్ట, ముప్పై గ్రాములు తక్కువ.
వానాకాలం కొత్తిమీరకు కాడలే పొడుగు.
మే నెలలో కట్టకు ముప్పై రూపాయలు పోసినా
ఆకు చిన్నపిల్ల గోరంత.
వీటిలో ఏ కట్టను రాయను?

సుగ్రా బీని అడిగాను.
దేగ్ ముందు నిలబడి ముప్పై ఏళ్లుగా
ఆమె చెప్పే కొలత ఒకటే, ముట్ఠీ భర్.
నాకోసం దాన్ని పిడికెడు అని తెలుగు చేస్తుంది.
"ఎవరి పిడికెడు, బీ?"
"నాదే బేటీ, ఇంకెవరిది?"

కాటా మీద వేయించాను.
పద్దెనిమిది.
పదిసార్లు వేయిస్తే తొమ్మిదిసార్లు పద్దెనిమిది.
పదోసారి గుమ్మంలో ఎవరో సలాం చెప్పారు,
పంతొమ్మిది అయింది.
నేను వేస్తే ఇరవై మూడు.
నావేం పెద్ద చేతులు కావు.

అప్పుడు చూశాను,
ఆరేళ్లుగా చూస్తూనే ఉన్నదాన్ని.
ఆమె కుడిచేతికి చిటికెనవేలు లేదు.
ఉల్లిగడ్డల మిషన్ కొత్తగా వచ్చిన ఏడు,
రంజాన్ ఆర్డర్ల తొందర.
అంతే చెప్పింది,
చెబుతూ ఇంకో రెమ్మ తుంచింది.

అంటే ఈ వంటగది రుచి
ఒక వేలు తక్కువైన రుచి.
ఇన్ని పెళ్లిళ్లలో ఇంతమంది
వేళ్లు నాక్కున్నది దానికే.
ఐదోవేలు కూడా ఆకు పట్టి ఉంటే
దేగ్ అంతా చేదెక్కి ఉండేది.

పట్టికలో రాశాను.
పుదీనా, పద్దెనిమిది గ్రాములు,
అదిమిన ముప్పావు కప్పుకు కాస్త పైన.
ఎందుకు పద్దెనిమిదో రాద్దామంటే
దానికి గడి గీయలేదు.
సార్ చూసి, బాగుందని,
లామినేషన్‌కి పంపాడు.

మియాపూర్‌లో మొదటి శుక్రవారం,
మధ్యాహ్నం పన్నెండున్నరకు ఫోన్.
కొత్త వంటమనిషి, మల్లికార్జున్ అట.
"మేడం, తూచుకుంట కూసునే టైం లేదు,
చేత్తోని ఎంత ఎయ్యాలె?"

"చిటికెనవేలు మడువు" అన్నాను.

కాసేపు అవతల గరిటె చప్పుడు.

"మడిచిన మేడం. ఇగ?"