గేటు రాయి

మిర్యాలగూడ, ఈదులగూడ రోడ్డు.
ఉప్పుడు బియ్యం మిల్లుకు ఎదురుంగ ఆరడుగుల షట్టరు.
బోర్డు మీద ఇంకా జానీమియా పేరే,
కింద పెయింటరు చోటు చూసి ఇరికించిన నా పేరు:
సైదమ్మ.

రాత్రి రెండున్నరకు ఫోను.
మూడో తొట్టి పొంగింది, సైరన్ మోగలే.
ఉడుకునీళ్లు దుంకి
హమాలి లింగస్వామి మడిమె తోలు లేచింది.
ఆ సైరన్ బోర్డు బాగుచేసింది నేనే,
నిన్న పొద్దుగాల, చాయ్ చల్లారేలోపు.

పాత చిప్పు కాలింది, కొత్తది పెట్టిన.
మూడు యాభై ఎనిమిది దొరకక మూడు తొంభై మూడు.
ఎనిమిది కాళ్లకు ఎనిమిది కాళ్లు,
అంగీ గుండీ లెక్క సాకెట్ల కూసుంది.
కాళ్ల వరస ఒక్కటే గదా అనుకున్న.

తెల్లారి బోర్డు విప్పి బల్ల మీద పరిచిన.
ఒక చెవిల తొట్టి నీళ్ల మాట,
రెండో చెవిల మేం కట్టిన హద్దు.
రెంటిని తూచి చెప్పుడే దాని కొలువు.
తూచింది, సరిగ్గనే తూచింది.
చెప్పే కాడ నోరు రాలే.
నీళ్లు లేకుంటే మీటరు మీద సున్న,
నిండినా సున్న.
తీగె ఊడదీసి చూస్తే
దారి తెలువని ఈగ లెక్క తిరిగినయి అంకెలు,
వేలు తగిలితే ఇంకో మాట.

జానీమియా చెవి మీది బీడీ తియ్యలే.
చెయ్యి వణుకుతదని ఇప్పుడు టంకం ముట్టడు,
చూపు మాత్రం నా భుజం మీదికెల్లి.
"ఏం పెట్టినవ్?"
చెప్పిన.
"పాతోనికి రెండు చేతులు బిడ్డా,
మీదికి నూకుతడు, కిందికి గుంజుతడు.
వీనికి ఒక్కటే చెయ్యి.
గుంజుడు వస్తది, ఇడిసిపెట్టుడు వస్తది.
లేపుడు రాదు."

ఇడిసిపెడితే లేస్తది గదా అన్న.
నవ్వలే.
మిల్లు గేటు దిక్కు గదుమ లేపి చూపిండు.

వాచ్‌మన్ అంజయ్య తాడు గుంజితే
వాసం అడ్డం పడుతది.
ఇడిస్తే లేస్తది. లారీ పోతది.
పదేండ్ల సంది అంజయ్యే లేపుతున్నడనుకున్న.
వాసం మొదట్ల ఇనుపతీగెతోటి కట్టిన
గుండ్రాయి దిక్కు ఎన్నడూ చూడలే.
ఆ రాయి లేకుంటే
అంజయ్య పట్టుకున్నా ఇడిసినా
వాసం రోడ్డు మీదనే బోర్లపడి ఉంటది.

డబ్బాల చెయ్యి పెట్టి దేవులాడిన.
పసుపు, ఊదా, ఎరుపు చారలు,
నాలుగు పాయింట్ ఏడు కిలో, వడ్లగింజంత.
ఒక కాలు పన్నెండు ఓల్టులకు,
ఒక కాలు ఆ నోరులేని తీగెకు.

ఇంకా పెద్ద రాయి కట్టొచ్చు గదా అంటరు.
వంద ఓమ్సు పెడితే గుంజినప్పుడల్లా
ఆ ఒక్క చెయ్యి కాలుతది.
మరీ తేలికది పెడితే
వాసం లేస్తది గని,
లారీ హారన్ కొట్టి కొట్టి యాష్టపడ్డంక.

ఎవరూ చెప్పకుంటనే ఇంకో పని చేసిన.
మూడు తొట్ల చిప్పుల మూతులు ఒకటే తీగెకు కలిపిన,
మూటికీ ఒకటే రెసిస్టరు.
సైరన్‌ను తిరగేసిన:
తీగె పైన ఉన్నంతసేపు ఊకుంటది, పడితే అరుస్తది.
ముగ్గురిల ఎవరు గుంజినా పడుతది,
ఒక్కరు చాలు.
రెండు చేతులోళ్లను గిట్ల కట్టలేం,
ఒకడు నూకంగ ఒకడు గుంజుతడు,
పొగ వచ్చేదాంక ఇద్దరూ
తామే గెలుస్తున్నమనుకుంటరు.
రెసిస్టరును తొట్ల దిక్కే టంకమేసిన,
నడిమిట్ల ఎలుక తీగె కొరికినా
సైరన్ మోగాలని.

సాయంత్రం మిల్లుల తొట్టి నింపి చూపిన.
మోగింది. పావురాలు లేచినయి.
లింగస్వామి కట్టుకట్టిన కాలు
గోనెసంచి మీద పెట్టుకొని ఇన్నడు.
నిన్న మోగి ఉంటే అని అనలే.
"ఇంకోపారి" అన్నడు.

ఇంకోపారి నింపిన.