ఏడో గడి

రిజిస్టర్లో ఏడో గడి పేరు పుట్టుక.
ముందరి ఆరూ గబగబా నిండుతాయి:
లైసెన్సు నెంబరు, పోయినాయన పేరు, ఊరు,
రకం, గొట్టం కొలత, తూటాలు లేవు అని ఒక గీత.
ఏడో దాని దగ్గర నా పెన్ను నిలబడుతుంది.

కడప ఆయుధాల గదిలో నాపరాళ్లు
ఏప్రిల్లోనూ అరికాళ్లకు చల్లగా తగులుతాయి.
ఓబుళమ్మ బల్ల మీద మూట విప్పింది.
ఎర్ర గుడ్డ, దాని లోపల ఇంకో గుడ్డ,
దాని లోపల రివాల్వరు.
“మా మామ బర్మాలో జపానోని నడుం కాడ గుంజుకున్న్యాడంట సామీ.
వాని నెత్తురు పిడి సందులో ఇంకా ఉండాదంట.”

నాకు పని నేర్పిన రసూల్ సాయిబు అనేవాడు:
మనిషిని అడగొద్దురా, మొహమాటపడతాడు.
ఇనుమును అడుగు.

అద్దం కంటికి పెట్టుకున్నా.
పిడి అడుగున ఇంగ్లీషు వి, పక్కన ఆరంకెలు.
వి అంటే విక్టరీ.
గెలుపు ఇంకా రాకముందే
ఫ్యాక్టరీలో దానికి వరసగా నెంబర్లు కొట్టినారు.
నిగనిగ లేదు, బూడిద రంగు;
తొందరలో ఉన్న కాలం తుపాకిని తోమదు.
చక్రం వెనక అదే అంకె,
గొట్టం కింది చదునులో అదే అంకె.
పుట్టినప్పటి ఒళ్లే, ఎవరూ ఏదీ మార్చలేదు.
నెత్తిన ‘యునైటెడ్ స్టేట్స్ ప్రాపర్టీ’,
సగం ఆకురాయికి పోయి, సగం ఇంకా మొండికేసి.

తూటాలు కూర్చునే ఆరు గదులకూ
ఆవగింజంత కిరీటాలు.
గొట్టం పక్కన, భూతద్దానికీ బతిమాలించుకుని,
‘నాట్ ఇంగ్లిష్ మేక్’.
మాది కాదు అని అచ్చు గుద్ది మరీ
అమ్ముకునే మర్యాద.

అక్కడ ఆగిపోయినా.
ఆ ముద్ర యుద్ధంలో కొట్టేది కాదు.
సైన్యానికి అక్కర తీరినాక
అంగట్లో పెట్టేముందు కొట్టేది.
బర్మా పోయింది. జపానోడు పోయినాడు.
ఆ నడుమూ పోయింది.

మర విప్పి పిడి చెక్కలు తీసినా.
లోపలి నల్లటి మరకను గోటితో గీకి వాసన చూసినా.
ఆముదం.

తాడు కట్టే ఉంగరం ఊడిపోయిన బొక్కలో
ఎవరో ఇనుప శీల బిగించినారు.
ఆకురాయి గీతలు అడ్డంగా వాలినాయి,
ఎడమచేతి కమ్మరి పని.
ప్రొద్దుటూరో, మైదుకూరో.
నా దగ్గరున్న ఏ పట్టీలోనూ లేని గుర్తు అదొక్కటే.

“ఏమంటాది సామీ?”
“ముద్రలు అరిగిపోయినాయమ్మా.”
పాతికేళ్ల ఉద్యోగంలో ఇనుము మీద
అబద్ధం చెప్పడం అదే మొదలు.

ఓబుళమ్మ నా మొహం చూసి నవ్వింది.
“అరగలేదులే. నాకు తెల్సు.
రెండెద్దులమ్మిన దుడ్లు పెట్టి మద్రాసులో కొన్న్యాడు.
బర్మాకు పోయిన మాట మటుకు నిజం,
కంచరగాడిదల్ని తోలేదానికి.
దావలో నలభై గాడిదలు బురదలో దిగబడినాయంట.
అరవకుండా చెవులు మాత్రం ఆడించినాయంట.
మంచం పట్టినాక నాకొక్కదానికే చెప్పినాడు ఆ సంగతి.
మగోళ్లకందరికీ జపానోడే.”

తుపాకిని వేలితో ఒకసారి తాకింది,
పొయ్యి ఆరిందో లేదో చూసినట్టు.
“దీనికి గాడిదల సంగతేం తెల్దు గదా?”
“తెలీదమ్మా.”

ఏడో గడిలో రాసినా:
అమెరికా. పరీక్ష ఇంగ్లండు. కొన్నది మద్రాసు.
శీల ఇక్కడిది.
గడి ఇరుకు, శీల మాట పక్క గీత దాటింది.

ఆమె కూడబలుక్కుని సంతకం పెట్టింది,
‘ళ’ దగ్గర ఒకసారి నన్ను చూసి.
నేను చీటీ కట్టి, రివాల్వరును అరలోకి తోసి
మూట గుడ్డలు కూడా తీయబోతే
చెయ్యి అడ్డం పెట్టింది.
“ఇవి రాయలేదు గదా నువ్వు.”
రెండూ దులిపి, నాలుగు మడతలేసి,
రొంటిన దోపుకుని
ఎండలోకి పోయింది.