వాడిన గడ్డి

"మంచు ఆరకముందు కోయకు, సెనామీ.
తడి ఆకు తింటే కడుపు డోలైపోయి
తెల్లారేసరికి కాళ్ళు చాపేస్తాయి."
అఫియావి అత్త ఇంతే చెప్పి
కొడవలి నా చేతిలో పెట్టి
గడప మీద కూర్చుని మొక్కజొన్న గంజి ఊదుకునేది.

పోర్టోనోవో దారిలో ఎర్రమట్టి గోతుల పక్కన
బడిగోడ వెనక, లారీల షెడ్డు వెనక
ఎవరూ నాటని గడ్డిచేమంతి.
నడుమ పసుపు బొట్టు, చుట్టూ పొట్టి తెల్ల రేకులు.
దాని పేరేమిటంటే
"కుందేలు తిండి" అనేది అత్త.
ఇంకో పేరుంటుందని నాకూ తోచలేదు.

కర్రపెండలం ఆకు రేకు మీద బాగా వాడాలి,
పచ్చిది విషం.
సుబాబుల్ రెమ్మలు గుప్పెడు దాటకూడదు.
ఆశపడి వారం పాటు బుట్టెడు వేశాను.
బూడిదరంగు ఆడకుందేలు వీపున బొచ్చూడి
చిరిగిన దిండులా అయ్యింది.
అత్త తిట్టలేదు.
తలుపు మీద సుద్దముక్కతో ఒక గీత గీసింది.
చాలా ఏళ్ళుంది ఆ గీత. అది నాదే.

పేర్లు పెట్టొద్దంది. పెట్టలేదు.
కానీ ఒకటుండేది,
చిలగడదుంప తీగల్లో లేత కొసలే కొరికి
కాడల్ని పక్కకు నెట్టేసేది,
చేపపులుసులో ముళ్ళేరే ముసలాడిలా.
నా అడుగు వినగానే
ముందుకాళ్ళు ఇనుపవలకు ఆనించి నిలబడేది.
దాన్ని నేనేమీ పిలవలేదు.
పిలవకపోవడమే దాని పేరైపోయింది.

శుక్రవారం మోటారుసైకిలు మీద
హోటలావిడ మనిషి వచ్చాడు.
త్రాసు కొక్కేనికి సంచి తగిలించి
"రెండు కిలోల మూడొందలు" అన్నాడు.
అత్త సంచి కింద అరచెయ్యి పెట్టి చూసింది.
"రెండున్నర. నీ కొక్కేనికి తుప్పు పట్టింది, నా చేతికి పట్టలేదు."
బేరం తెగేదాకా
సంచి మెదులుతూనే ఉంది.
నేను లెక్కేస్తున్నాను,
ఆ రెండున్నరలో బడిగోడ ఎంత,
లారీల షెడ్డు ఎంత,
నేను ఆడని ఫుట్‌బాల్ సాయంత్రాలు ఎన్ని.

అత్త కుందేలు మాంసం ముట్టేది కాదు.
"పళ్ళు లేవురా" అనేది.
వేయించిన వేరుశనగలు మాత్రం
పటపటా కొరికేది.

శనివారం మంచు ఆరేదాకా ఆగాను.
పదిరోజుల కిందట కోసిన చోటే
గడ్డిచేమంతి మళ్ళీ పూసింది.
కోశాను. రేకు మీద పరిచాను.
చిలగడ తీగల కొసలు తుంచి
చెయ్యి అలవాటుగా విడిగా ఒక కుప్ప పెట్టింది.
కాసేపు దాన్ని చూసి
అన్నిట్లో కలిపేశాను.